మర తెలిశాకే బేరం: పెజో పీఎక్స్-10 ఫ్రేమ్ కేస్ స్టడీ

ఈ కేసులోని బండి ఫ్రెంచ్ కంపెనీ పెజో చేసిన పీఎక్స్-10 రేసు సైకిలు, 1970ల తొలి సగంలోది. దాని పాత ఫ్రేమ్ కొని మళ్లీ నడిచేలా చేసిన వివరాలు ఇవి. సీటు కింది నిలువు గొట్టం, అంటే సీట్ ట్యూబు, 57 సెంటీమీటర్లు. తెల్ల రంగు, లగ్గుల (ట్యూబులు కలిసే చోటి ఉక్కు తొడుగుల) మీద నలుపు, నలుపు తెలుపు గళ్ల పట్టీ. ఫ్రాన్స్‌లో ఒకరు అమ్మకానికి పెట్టిన ఫ్రేమ్, ఫోర్కు ఇవి. వాటితో పాటు హెడ్‌సెట్ (ఫోర్కు తిరిగే బేరింగులు), బీబీ (బాటమ్ బ్రాకెట్, క్రాంకుల యాక్సిల్ తిరిగే బేరింగు), క్రాంకులు (పెడళ్ల చేతులు), మఫాక్ బ్రేకులు వచ్చాయి. చక్రాలు లేవు, గేర్లు సగమే మిగిలాయి. సీటు పోస్టు ఫ్రేములో బిగుసుకుపోయిందని అమ్మినవారే చెప్పారు. వాళ్లు చెప్పని సంగతి ఇంకొకటి బీబీ విప్పాక బయటపడింది.

పీఎక్స్-10 అంటే ఆ కాలంలో పెజో రేసు జట్టు బండికి దగ్గరి చుట్టం. 1975లో, 1977లో బెర్నార్ తెవెనే టూర్ ద ఫ్రాన్స్ రేసు గెలిచింది పెజో జట్టులోనే. 1967లో గెలిచిన రోజే పాంజోన్ కూడా పెజో రైడరే, కానీ ఆ ఏడు టూర్ జాతీయ జట్ల మధ్య జరిగింది కాబట్టి ఫ్రాన్స్ జట్టు తరఫున తొక్కాడు. ఎడ్డీ మెర్క్స్ కూడా 1966, 1967లలో పెజో గళ్ల జెర్సీ వేసుకున్నవాడే. బండిలో ఇంచుమించు ప్రతి ముక్కా ఫ్రెంచిదే: దిజోన్ నుంచి సింప్లెక్స్ గేర్లు, సెయింట్ ఎతియెన్ నుంచి స్ట్రాంగ్‌లైట్ క్రాంకులు, క్లెర్మోన్ ఫెరాన్ నుంచి మఫాక్ బ్రేకులు. ట్యూబు మాత్రం బర్మింగ్‌హామ్‌లో పుట్టిన రేనాల్డ్స్ 531. 1935లో వచ్చిన మాంగనీస్-మాలిబ్డినం ఉక్కు అది. అయితే ఆ ట్యూబు కూడా ఫ్రెంచ్ కొలతల్లోనే తెప్పించుకున్నారు. ఈ పునర్నిర్మాణంలో శ్రమంతా అక్కడి నుంచే మొదలవుతుంది. ఈ బండి మీద ఉన్న దాదాపు ప్రతి మర (స్క్రూ చుట్లు), ప్రతి బోరు (లోపలి రంధ్రం) ఇవాళ బజారులో దొరికే సరుకుతో పోలిస్తే 0.1 నుంచి 0.6 మిల్లీమీటర్ల దాకా తేడాగా ఉంటుంది. కంటికి ఒకేలా కనిపిస్తుంది, చేతికి కాసేపు సరిపోయినట్టే అనిపిస్తుంది, ఆ తర్వాతే పాడవుతుంది.

కొనే ముందు

ప్రకటనలో ఉన్న ఫోటోలు ఎప్పుడూ పక్క నుంచి తీసినవే. వాటితో రంగు తెలుస్తుంది తప్ప ఫ్రేమ్ సంగతి తెలియదు. అందుకే ఐదు ఫోటోలు అడిగి తెప్పించాం: హెడ్ ట్యూబు (ఫోర్కు దూరే ముందు గొట్టం) వెనక డౌన్ ట్యూబు (అక్కడి నుంచి బీబీకి దిగే గొట్టం) కింది భాగం, పక్క నుంచి నిటారుగా ఫోర్కు, కింద నుంచి బీబీ షెల్ (బీబీ కూర్చునే గొట్టం), లోపలి వైపు నుంచి రెండు డ్రాపవుట్లు (వెనక చక్రం యాక్సిల్ కూర్చునే కొసలు), సీట్ లగ్గు దగ్గర బోల్టు పట్టే రెండు చెవులు.

మొదటి ఫోటోలో చూడాల్సింది ముడత. బండి ఎదురుగా దేన్నయినా గుద్దితే, హెడ్ లగ్గుకు రెండు మూడు సెంటీమీటర్ల వెనక, డౌన్ ట్యూబు అడుగున సన్నటి ఉబ్బు వస్తుంది. ఆ చోట రంగు అడ్డంగా పగిలి ఉంటుంది. చేతికి వచ్చాక వేలి గోరుతో నిమిరితే ఇంకా బాగా తెలుస్తుంది. ముడత ఉన్న ఫ్రేమ్ ఎంత చవకగా వచ్చినా గోడకు వేలాడదీయడానికి తప్ప పనికిరాదు. ట్యూబు మార్చే పని నిపుణుడైన ఫ్రేమ్ బిల్డరుది. దానికయ్యే ఖర్చుతో మరో మంచి ఫ్రేమే వస్తుంది. రెండో ఫోటోలో హెడ్ ట్యూబు గీతను కిందికి పొడిగించి చూడాలి. ఫోర్కు కాళ్ల పైభాగం, అంటే వంపు మొదలయ్యే దాకా, ఆ గీతకు సమాంతరంగా ఉండాలి. వెనక్కి జరిగి ఉంటే దెబ్బ తిన్నట్టే.

సీట్ లగ్గు చెవులు ఒకదానికొకటి ఆనేలా దగ్గరగా వచ్చి ఉంటే, ఎవరో చిన్న సైజు పోస్టు వేసి బోల్టుతో బలవంతంగా బిగించారని అర్థం. ఈ ఫ్రేములో చెవులు సమాంతరంగానే ఉన్నాయి. అంటే లోపల ఇరుక్కున్న పోస్టు సరైన సైజుదే. ఇరుక్కున్న పోస్టు ఉన్నా బేరం వదులుకోకపోవడానికి కారణం అదే. ఇరుక్కున్న స్టెమ్ (హ్యాండిల్‌ను పట్టుకుని ఫోర్కులోకి దిగే ముక్క) అయితే ఆలోచించాల్సి వచ్చేది. స్టీరర్ ట్యూబు (ఫోర్కు పై గొట్టం) దెబ్బతింటే ఫోర్కే పోతుంది.

కొలతలు

ఫ్రేమ్ ఇంటికొచ్చాక ఏ పానా పట్టకముందే డిజిటల్ వెర్నియర్‌తో అన్నీ కొలిచి రాసుకున్నాం. సామాను ఆర్డర్ ఆ తర్వాతే.

టాప్ ట్యూబు 26.0 మిల్లీమీటర్లు, ఇంగ్లిష్ కొలతలో అయితే 25.4. సీట్ ట్యూబు, డౌన్ ట్యూబు 28.0, ఇంగ్లిష్‌లో 28.6. బీబీ షెల్ వెడల్పు 68, మర 35×1, అంటే వ్యాసం 35 మిల్లీమీటర్లు, చుట్టుకు ఒక మిల్లీమీటరు. స్టీరర్ మర 25×1. స్టెమ్ దిగే లోపలి వ్యాసం 22.0. సీటు పోస్టు 26.4. పెడల్ మర 14×1.25. వెనుక డ్రాపవుట్ల మధ్య 121.5.

ఇంగ్లిష్ బీబీ కప్పు (షెల్‌లోకి మరతో దిగే బేరింగు గిన్నె) వ్యాసం సుమారు 34.8 మిల్లీమీటర్లు. అంగుళానికి 24 చుట్లు, అంటే చుట్టుకు 1.058 మిల్లీమీటర్లు. ఫ్రెంచ్ షెల్‌లో పెడితే అది కొంచెం వదులుగానే లోపలికి వెళ్తుంది. ఒకటి, రెండు, మూడు చుట్లు హాయిగా తిరుగుతుంది. చుట్టుకు 0.058 తేడా కూడుతూ పోయి నాలుగో ఐదో చుట్టు దగ్గర పట్టేస్తుంది. అప్పుడు పానాకు పొడవాటి పైపు తగిలించి తిప్పినవాడి చేతిలో షెల్ మర నలిగిపోతుంది. మన ఊళ్లలో రోడ్ సైకిళ్లు విప్పే చేతులకు ఇంగ్లిష్ మరే అలవాటు కాబట్టి, యూరప్ నుంచి బంధువుల ద్వారా ఫ్రెంచ్ ఫ్రేమ్ తెప్పించుకునేవారు దీన్ని ముందే కాగితం మీద రాసి మెకానిక్ చేతికివ్వడం మంచిది.

బీబీ

ఇంగ్లిష్ బండికి చైను వైపు కప్పు ఎడమ మరతో (గడియారం ముల్లుకు ఎదురుగా తిప్పితే బిగిసే మరతో) ఉంటుంది. ఫ్రెంచ్ బండికి రెండు వైపులా కుడి మరే. స్విస్ కొలతలో వ్యాసం, పిచ్ (చుట్టుకు చుట్టుకు మధ్య దూరం) ఫ్రెంచ్‌వే, కానీ చైను వైపు ఎడమ మర. మరో ఫ్రెంచ్ కంపెనీ మోటోబెకాన్ బండ్లలో చాలావాటికి స్విస్ మర వస్తుంది. కాబట్టి ఫ్రెంచ్ కంపెనీ పేరు చూసి ఫ్రెంచ్ మర అని తేల్చేయకూడదు. కప్పు ముఖం మీద గ్రీజు తుడిచి, దీపం పక్క నుంచి పట్టి చూస్తే 35×1 అని అచ్చు కనబడింది. అది వ్యాసం, పిచ్ చెబుతుంది గానీ దిశ చెప్పదు. ఎడమ కప్పు, యాక్సిల్ తీసేసి, చైను వైపు కప్పు లోపలి అంచు దగ్గర బయటికి కనిపించే మర చుట్లు ఏ వైపు వాలాయో టార్చితో చూసి కుడి మర అని ఖాయం చేసుకున్నాక గానీ బలం పెట్టలేదు.

ఇక్కడ ఇంగ్లిష్ బండ్లకు వాడే, కప్పులోంచి బోల్టు దూర్చి వాషర్లతో బిగించి తిప్పే పద్ధతి సరిగా పని చేయదు. ఇంగ్లిష్ కప్పుకు బోల్టు బిగించే దిశే కప్పు విప్పే దిశ. ఫ్రెంచ్ కప్పు విప్పబోతే బోల్టే ముందు వదులవుతుంది. కాబట్టి వైస్ వాడాం. బల్లకు గట్టిగా దిగ్గొట్టిన వైస్ దవడల మధ్య కప్పు చదును అంచులు పట్టించి, ఫ్రేమ్‌ను అడ్డంగా, చైను వైపు కిందికి వచ్చేలా పరిచాం. తుప్పు వదిలించే నూనె ముందు రోజు రాత్రే పోసి ఉంచాం. ఫ్రేమ్ రెండు కొసలూ పట్టుకుని, పై నుంచి చూస్తే గడియారం ముల్లుకు ఎదురు దిశలో తిప్పాలి. ఫ్రేమ్ పొడవే లివర్ కాబట్టి బలం సరిపోతుంది. కుదుపులివ్వకుండా నిలకడగా ఒత్తాలి. దవడలు జారితే కప్పు అంచులు గుండ్రమైపోతాయి, రెండో అవకాశం ఉండదు.

కప్పు వచ్చాక అమ్మినవారు చెప్పని సంగతి కనిపించింది. ఎడమ వైపు షెల్ మొదటి మూడు చుట్లు నలిగి, అంచు దగ్గర ఉక్కు పొరలు లేచి ఉన్నాయి. ఎప్పుడో ఎవరో ఇంగ్లిష్ కప్పు దించబోయి సగంలో మానేశారు. లోపలి చుట్లు బాగానే ఉన్నాయి.

ఇలాంటప్పుడు రెండు దారులు. షెల్‌ను పెద్ద మరకు కోయడం ఒకటి. ఇటాలియన్ మర వ్యాసం 36 మిల్లీమీటర్లు కాబట్టి ఫ్రెంచ్ షెల్‌ను ఆ సైజుకు కోయవచ్చు. కానీ షెల్ వెడల్పు ఇటాలియన్‌కు 70 కావాలి, ఇక్కడ ఉన్నది 68. పైగా కోసిన ఉక్కు మళ్లీ రాదు. రెండోది, ఉన్న మరనే శుభ్రం చేయడం. మూడు చుట్లే పోయాయి కాబట్టి రెండోదే సరైనది. వార్ కంపెనీ చేసే 35×1 ట్యాప్ (మర కోసే పనిముట్టు) అద్దెకు తెచ్చి, కుడి కప్పు మరలో గైడు పట్టించి ట్యాపు నిటారుగా ఉండేలా చూశాం. ఎడమ అంచు మీద ట్యాపు ఆనించి మొదట వెనక్కి తిప్పాలి. మర మొదలు దొరికిన చోట ట్యాపు చిన్నగా 'టక్'మని అర మిల్లీమీటరు కిందికి జారుతుంది, అరచేతికి తెలుస్తుంది. అది తెలిసే వరకు ముందుకు తిప్పకూడదు. తెలిశాక కటింగ్ ఆయిల్ వేసి పావు చుట్టు ముందుకు, ఎనిమిదో వంతు వెనక్కి. నలిగిన మూడు చుట్లు పూర్తి ఎత్తుకు రాలేదు గానీ, మిగిలిన చుట్లతో కప్పు తడబడకుండా లోపలి దాకా దిగింది.

పాత స్ట్రాంగ్‌లైట్ కప్పుల్లో బాల్స్ తిరిగే దారి నున్నగానే ఉంది, వాటినే వాడాం. యాక్సిల్ మీద చైను వైపు దారిలో గుంటలు పడ్డాయి, మార్చాల్సి వచ్చింది. బాల్స్ పంజరంతో వేయకుండా విడిగా, పావు అంగుళానివి, వైపుకు 11. కొత్త యాక్సిల్ ఎంచేటప్పుడు పొడవు కన్నా చైన్‌లైన్ చూడాలి. సీట్ ట్యూబు మధ్య నుంచి రెండు చైన్‌రింగుల (క్రాంకు మీది పళ్ల చక్రాల) మధ్యకు 43.5 మిల్లీమీటర్లు వచ్చేలా ఎంచాం.

చైను వైపు కప్పు కుడి మరతో ఉండటంలో ఒక సహజమైన ఇబ్బంది ఉంది. తొక్కే కొద్దీ బాల్స్ ఒత్తిడి కప్పును విప్పే దిశలోనే తోస్తుంది. ఇంగ్లిష్ వాళ్లు ఆ వైపు ఎడమ మర పెట్టింది అందుకే. మర రెండు వైపులా బ్రేక్ క్లీనర్‌తో నూనె పోయేలా తుడిచి, నీలం రంగు థ్రెడ్‌లాకర్ (మర వదులు కాకుండా పట్టే జిగురు) వేసి, వైస్‌లోనే విప్పిన దానికి ఎదురు దిశలో గట్టిగా బిగించాం. కప్పు మీద నుంచి షెల్ మీదకు సన్నటి ఎర్ర రంగు గీత గీసి పెట్టాం. కప్పు జరిగితే గీత విరుగుతుంది.

కప్పులు పనికిరాకుండా పోయి ఉంటే ఫిల్ వుడ్ కంపెనీ ఫ్రెంచ్ మరతో చేసే రింగులు, వాటిలో కూర్చునే సీల్డ్ బీబీ వాడవచ్చు. ఖరీదైనదే, కానీ షెల్‌కు హాని ఉండదు. మర పూర్తిగా పోయిన షెల్‌కు లోపల నుంచి వ్యాకోచించి పట్టుకునే మర లేని బీబీలు కూడా ఉన్నాయి. అది చివరి దారి.

క్రాంకులు, పెడళ్లు

స్ట్రాంగ్‌లైట్ 93 క్రాంకులు, చైన్‌రింగు బోల్టులు కూర్చునే వృత్తం 122 మిల్లీమీటర్లు. పాత స్ట్రాంగ్‌లైట్ క్రాంకులకు ఎక్స్‌ట్రాక్టర్ (క్రాంకు ఊడదీసే పనిముట్టు) మర 23.35 మిల్లీమీటర్లు. బజారులో అందరి దగ్గరా ఉండే ఎక్స్‌ట్రాక్టర్ 22. అది రెండు మూడు చుట్లు పట్టినట్టే అనిపించి, బిగించగానే అల్యూమినియం మరను చుట్టచుట్టగా ఊడదీస్తుంది. మరో ఫ్రెంచ్ కంపెనీ టీఏ క్రాంకులకు మళ్లీ వేరే సైజు, 23. సరైన పనిముట్టు వచ్చే దాకా క్రాంకులు ముట్టుకోలేదు. విప్పాక కిరోసిన్‌లో కడిగి, పెడల్ కన్ను చుట్టూ, చైన్‌రింగులను పట్టే స్పైడర్ చేతుల మొదట్లో భూతద్దంతో పగుళ్లు చూశాం. ఏమీ కనిపించలేదు.

ఈ బండి మొత్తంలో మర కొత్తగా కోసింది పెడళ్ల దగ్గరే. ఫ్రెంచ్ పెడల్ మర 14×1.25, ఇప్పటి మర 9/16 అంగుళం, అంగుళానికి 20 చుట్లు. మిల్లీమీటర్లలో అది 14.29, పిచ్ 1.27. పిచ్ దాదాపు ఒకటే కాబట్టి ట్యాపు పాత చుట్లనే వెడల్పు చేస్తుంది. పోయే లోహం వ్యాసంలో 0.29 మాత్రమే. కుడి ట్యాపు, ఎడమ ట్యాపు రెండూ కావాలి. ఫ్రెంచ్ క్రాంకుల మీద, పెడళ్ల మీద కుడికి డి, ఎడమకు జీ అని అచ్చులు ఉంటాయి. ఇంగ్లిష్ ఎల్, ఆర్ అక్షరాల కోసం వెతికితే దొరకవు. అసలు పెడళ్లే వాడాలనుకునేవారు ఈ పని చేయనక్కర్లేదు.

చైన్‌రింగులు అసలు 52/45 పళ్లవి. చిన్నది 40కి మార్చాం. వెనక 14 నుంచి 26 పళ్ల ఫ్రీవీల్‌తో (వెనక పళ్ల చక్రాల గుత్తితో), 700×28 టైరుకు ఒక చుట్టు సుమారు 2.14 మీటర్లు అనుకుంటే, 45/26లో ఒక తొక్కుకు 3.70 మీటర్లు, 40/26లో 3.29. రేసు చేసే కాళ్లకు 45 సరిపోయేది. హైదరాబాద్‌లో 200 కిలోమీటర్ల బ్రెవే (గడువులోపు ముగించాల్సిన దూర ప్రయాణం) తొక్కేవారికి పదమూడున్నర గంటల గడువు చివర్లో ఈ 41 సెంటీమీటర్ల తేడా మోకాళ్లకు తెలుస్తుంది.

సీటు పోస్టు

ఉక్కు ట్యూబులో అల్యూమినియం పోస్టు ఏళ్ల తరబడి గ్రీజు లేకుండా కూర్చుంటే తెల్లటి ఆక్సైడ్ పేరుకుని ఉబ్బుతుంది. పై నుంచి నూనె పోస్తే అది లగ్గు దగ్గరే ఆగిపోతుంది. కింద నుంచి పోయాలి. బీబీ విప్పడం ముందు పెట్టుకున్నది ఇందుకు కూడా. ఫ్రేమ్‌ను తలకిందులుగా వేలాడదీసి, బీబీ షెల్ లోంచి సీట్ ట్యూబులోకి నూనె పోసి మూడు రోజులు ఉంచాం. రోజుకోసారి పోస్టు తల మీద చెక్క అడ్డం పెట్టి సుత్తితో చిన్న దెబ్బలు.

నాలుగో రోజు పోస్టు తలను వైస్‌లో పట్టించి ఫ్రేమ్‌ను తిప్పడం మొదలైంది. ఇక్కడ తొందర పడితే పోస్టు విరగడం ఒక్కటే కాదు, సన్నటి సీట్ ట్యూబే మెలి తిరగవచ్చు. తిప్పే చెయ్యి టాప్ ట్యూబు మీద లగ్గుకు దగ్గరగా ఉండాలి, హెడ్ ట్యూబు కొసన కాదు. మొదటి కదలికకు ఎండు కట్టె విరిగినట్టు చప్పుడు వచ్చింది. అది ట్యూబు చప్పుడు కాదు, ఆక్సైడ్ పొర పగిలిన చప్పుడు. పోస్టు చుట్టూ తెల్లటి పొడి రాలింది. అక్కడ ఆపి, మళ్లీ నూనె పోసి, ఒక డిగ్రీ అటు ఒక డిగ్రీ ఇటు తిప్పుతూ పోతే గంటన్నరలో బయటికి వచ్చింది. కాస్టిక్ సోడాతో అల్యూమినియం కరిగించే పద్ధతి ఉంది గానీ అది రంగునూ తినేస్తుంది, మండే వాయువూ వదులుతుంది. పోస్టు విరిగి లోపల ఉండిపోతేనే దాని గురించి ఆలోచించాలి.

పోస్టు కొలిస్తే 26.4. ట్యూబు లోపల చీల్చిన కర్రకు ఎమరీ గుడ్డ చుట్టి పాలిష్ చేసి, కొత్త 26.4 పోస్టుకు పలచగా గ్రీజు రాసి దించాం. 26.2 పోస్టు దొరకడం తేలికే. అది దిగుతుంది, బోల్టు బిగిస్తే నిలబడినట్టే ఉంటుంది. కానీ చెవులు వంగి, లగ్గు వెనక పగులు మొదలవుతుంది.

వెనక వెడల్పు, చక్రాలు

వెనక డ్రాపవుట్ల మధ్య 121.5 అంటే ఐదు పళ్ల చక్రాల ఫ్రీవీల్ కాలం కొలత. ఈ బండికి ఎంచిన హబ్ (చక్రం నడిమి భాగం) 126 మిల్లీమీటర్లది, ఆరు పళ్ల చక్రాల ఫ్రీవీల్‌కు సరిపడేది, 36 రంధ్రాలు. ఇప్పటి అంతర్జాతీయ ఫ్రీవీల్ మరతో వచ్చింది. పాత ఫ్రెంచ్ హబ్ దొరికినా వద్దనుకోవడానికి కారణం దాని మర: 34.7×1. ఇప్పటి ఫ్రీవీల్ దాని మీద వదులుగా ఎక్కుతుంది, ఎత్తు ఎక్కుతూ గట్టిగా తొక్కిన రోజున మర ఊడుతుంది. ఫ్రెంచ్ ఫ్రీవీళ్లు పాత సరుకులో తప్ప దొరకవు. చక్రం అరిగే వస్తువు, మళ్లీ మళ్లీ మారేది. అక్కడ ఫ్రెంచ్ మర పట్టుకుని కూర్చోవడం వల్ల లాభం లేదు.

531 స్టేలను (వెనక చక్రానికి రెండు పక్కలా ఉండే గొట్టాలను) చల్లగానే, అంటే వేడి చేయకుండా, వంచవచ్చు. ముందు దారం పరీక్ష: ఒక డ్రాపవుట్ నుంచి దారం హెడ్ ట్యూబు చుట్టూ తిప్పి రెండో డ్రాపవుట్‌కు కట్టి, సీట్ ట్యూబుకు రెండు వైపులా దూరం కొలవాలి. ఎడమ వైపు 1 మిల్లీమీటరు ఎక్కువ వచ్చింది, పాతదే. మరబోల్టు పెట్టి రెండు స్టేలను ఒకేసారి బయటికి తోసే పద్ధతి ఉంది గానీ, మెత్తగా ఉన్న వైపే ముందు వంగుతుంది, ఫ్రేమ్ వంకర అవుతుంది. అందుకే ఒక్కో వైపు విడిగా, సీట్ ట్యూబును ఆధారంగా పెట్టుకుని పొడవాటి చెక్కతో లాగాం. ఉక్కు స్ప్రింగులా వెనక్కి వస్తుంది. చాలా దూరం లాగితే గానీ అర మిల్లీమీటరు నిలవదు. లాగడం, కొలవడం, మళ్లీ లాగడం. కుడి వైపు ఎడమ కంటే కొంచెం ఎక్కువ లాగాం, పాత 1 మిల్లీమీటరు తేడా కూడా అలా సరిపోయింది.

వెడల్పు చేశాక డ్రాపవుట్లు సమాంతరంగా ఉండవు, వెనక వైపు విచ్చుకుంటాయి. చాలామంది ఇక్కడే ఆపేస్తారు. వంకర డ్రాపవుట్ల మధ్య యాక్సిల్ నట్లు బిగిస్తే యాక్సిల్ విల్లులా వంగుతుంది. ఫ్రీవీల్ హబ్‌లో కుడి బేరింగు ఫ్రీవీల్‌కు లోపలగా ఉంటుంది కాబట్టి ఆ పొడవాటి మద్దతు లేని భాగం తిరిగే కొద్దీ అలసి విరుగుతుంది. రెండు డ్రాపవుట్లకూ అలైన్‌మెంట్ కడ్డీలు బిగించి, వాటి ముఖాలు ఎదురెదురుగా కలిసే దాకా సరిచేశాం.

బండి అసలు ట్యూబులర్ (టైరును జిగురుతో అంటించే) రిమ్ములతో వచ్చేది. 700సి క్లించర్ (మామూలు టైరు, ట్యూబు వేసే) రిమ్ము బ్రేకు తగిలే చోట ఇంచుమించు అదే ఎత్తులో ఉంటుంది కాబట్టి బ్రేకులు అందాల్సిన దూరంలో తేడా రాలేదు. ఇదే పెజో యూఓ-8 లాంటి 27 అంగుళాల బండి అయితే రిమ్ము వ్యాసం 630 నుంచి 622కు తగ్గుతుంది, బ్రేకు ప్యాడ్ 4 మిల్లీమీటర్లు కిందికి దిగాలి.

హెడ్‌సెట్, స్టెమ్

హెడ్‌సెట్ కింది కోన్‌లో (బాల్స్ ఆనే రింగులో) దారికి గుంటలు పడి, హ్యాండిల్ నిటారుగా ఉన్నప్పుడు 'కటక్'మని ఒకచోట ఆగుతోంది. హెడ్ ట్యూబులో దిగే కప్పులు ఫ్రెంచ్, ఐఎస్‌ఓ (ఇప్పటి అంతర్జాతీయ కొలత) రెండింటికీ 30.2 మిల్లీమీటర్లే. ఫోర్కు కిరీటం (రెండు కాళ్లు కలిసే చోటు) మీద కోన్ ఫ్రెంచ్‌కు 26.5, ఐఎస్‌ఓకు 26.4. కాబట్టి ఐఎస్‌ఓ హెడ్‌సెట్‌లోని కప్పులు, కింది కోన్ వాడి, మర ఉన్న పై కోన్, లాక్‌నట్టు మాత్రం పాత ఫ్రెంచ్‌వే ఉంచవచ్చు. పై కోన్ వంపు, కొత్త కప్పులోని బాల్ సైజు కలుస్తాయో లేదో ముందే చూసుకోవాలి. ఈ బండికి అలాగే చేశాం. స్టీరర్ మీద 25×1 మరను 25.4కు కోయడం సాధ్యమే కాదు, లేని లోహాన్ని కోయలేం కదా. అయినా ఇంగ్లిష్ లాక్‌నట్టు వదులుగా ఎక్కించి నడిపే బండ్లు కనిపిస్తాయి. అది బ్రేకు పట్టిన రోజున ఊడే పని.

బండితో వచ్చిన స్టెమ్ వాడలేదు. ఆ కాలపు కొన్ని ఫ్రెంచ్ స్టెమ్‌లలో కింది చీలికల మొదట్లో పగుళ్లు వస్తాయి, ముందస్తు సూచన ఉండదు. కొత్త 22.2 స్టెమ్ తెచ్చి, స్టీరర్‌లో దిగే భాగం మాత్రం ఎమరీ గుడ్డతో చుట్టూ సమానంగా 22.0కు తగ్గించాం. ఆకురాయి వాడితే ముఖాలు పడతాయి, స్టెమ్ ఊగుతుంది. హ్యాండిల్ పట్టే చోటు కూడా చూడాలి: పాత ఫ్రెంచ్ బార్ 25.0, కొత్త స్టెమ్ 25.4 అయితే బార్ కూడా మార్చక తప్పదు.

గేర్లు, బ్రేకులు

డ్రాపవుట్ మీద డెరెయిలర్ (చైనును గేరు నుంచి గేరుకు జరిపేది) తగిలించే సింప్లెక్స్ కొక్కేనికి మర ఉండదు. దాన్ని 10×1కు ట్యాప్ చేసి, ఆపుడు గాడి ఆకురాయితో కోస్తే ఇప్పటి డెరెయిలర్ పడుతుంది. ఆ పని చేయలేదు. డెల్రిన్ ప్లాస్టిక్ శరీరం ఉన్న పాత సింప్లెక్స్ డెరెయిలర్ ఏళ్ల తర్వాత పగులుతుంది, అది నిజం. కానీ పూర్తి లోహంతో చేసిన సింప్లెక్స్ సూపర్ ఎల్‌జే ఆ కొక్కేనికే నేరుగా కూర్చుంటుంది. ఎల్‌జే అంటే సింప్లెక్స్ స్థాపకుడు ల్యూసియన్ జ్యూయీ పేరులోని అక్షరాలే. పాత సరుకులో అదే వెతికి వేశాం. చైను ముందూ వెనకా పెద్ద పళ్ల చక్రాల మీద తెగిపోయేంత బిగుసుకోకుండా, రెండు చోట్లా చిన్నవాటి మీద వేలాడకుండా ఉండేలా పొడవు కోశాం.

ముందు డెరెయిలర్ పట్టీ 28.6 మిల్లీమీటర్లది, సీట్ ట్యూబు 28.0. నేరుగా బిగిస్తే తిరుగుతుంది. ఇంకా బిగిస్తే పలచటి ట్యూబు నొక్కుకుపోతుంది. కూల్‌డ్రింకు డబ్బా రేకు మందం సుమారు 0.1 మిల్లీమీటరు. 88 మిల్లీమీటర్ల పొడవు పట్టీలు మూడు కోసి, ఒకదాని మీద ఒకటి చుట్టి మధ్యలో పెడితే సరిగ్గా పట్టింది. డౌన్ ట్యూబు మీది గేర్ లివర్ల పట్టీకీ ఇదే మందు.

మఫాక్ బ్రేకులు బలమైనవి, ప్యాడ్లు మాత్రం రాయిలా గట్టిపడ్డాయి. మరలేని సాదా కడ్డీ ఉన్న ప్యాడ్లే పడతాయి; కూల్-స్టాప్ అవి ఇప్పటికీ చేస్తోంది. మొదట బిగించగానే ముందు బ్రేకు పెద్దగా అరిచింది. ప్యాడ్ ముందు అంచు కంటే వెనక అంచు ముందుగా రిమ్ముకు తగలడమే కారణం. ప్యాడ్ వెనక భాగాన్ని ఆకురాయితో అర మిల్లీమీటరు తీశాక అరుపు పోయింది. చేతిని వంచి సరిచేయడం కూడా ఉంది, కానీ పాత అల్యూమినియం మీద అది చేయాలనిపించలేదు.

రంగు, తుప్పు

తిరిగి రంగు వేయలేదు. గళ్ల పట్టీ, రేనాల్డ్స్ స్టిక్కర్ ఒకసారి పోతే మళ్లీ అంటించేది నకలే. ఫోర్కు కొసల క్రోము మీద తుప్పు మరకలను నీళ్లలో తడిపిన అల్యూమినియం రేకుతో రుద్దితే పోయాయి. ట్యూబుల లోపల తుప్పు పొడి దులిపి, మరిగించిన అవిసె నూనె పోసి, ఫ్రేమ్‌ను అన్ని వైపులకూ తిప్పి, మిగిలినది కారిపోనిచ్చి వారం ఎండబెట్టాం. ఆ నూనె తడిసిన గుడ్డలు ముద్దగా పడేయకూడదు, వాటంతట అవే అంటుకుంటాయి. నీటిలో తడిపి, విప్పి ఆరేయాలి.

బిగింపు తర్వాత

క్రాంకు బోల్టులు 35 న్యూటన్ మీటర్లకు బిగించి, 50 కిలోమీటర్ల తర్వాత ఒకసారి, 150 తర్వాత ఒకసారి చూశాం. మొదటిసారి ఎడమ బోల్టు ఇంకో ఎనిమిదో వంతు చుట్టు తిరిగింది, రెండోసారి కదల్లేదు. ట్యాప్ చేసిన ఎడమ బీబీ కప్పు లాక్‌రింగు వదులు కాలేదు. హెడ్‌సెట్ లాక్‌నట్టు ఒకసారి సర్దాల్సి వచ్చింది. కొత్త కింది కోన్ ఫోర్కు కిరీటం మీద పూర్తిగా కూర్చోవడానికి ఆ మాత్రం తొక్కుడు పట్టింది. వెనక చక్రం పుల్లల బిగువు 150 కిలోమీటర్ల దగ్గర మళ్లీ చూసి రెండు మిల్లీమీటర్ల ఊగు తీశాం. 300 కిలోమీటర్ల దగ్గర చైను వైపు కప్పు మీద గీసిన ఎర్ర గీత ఎక్కడిదక్కడే ఉంది.